డిటెక్టివ్ కన్నా ముందే దొంగని పట్టుకోవడం ఎలా? మిస్టరీ నవల ఆడుతూ చదివే పద్ధతి

చాలా ఏళ్ళు నేను మిస్టరీలు ఎలా చదివానంటే, శవం దొరికింది, డిటెక్టివ్ వచ్చాడు, నలుగుర్ని ఏవో ప్రశ్నలడిగాడు, చివర్లో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకడి వైపు వేలు చూపించాడు, నేను ఓహో అని పుస్తకం మూసేశాను. బానే ఉండేది. కానీ నెల తిరిగేసరికి చంపింది ఎవరో కూడా గుర్తుండేది కాదు. రచయిత పాపం ఏడాది పాటు కూర్చుని నాతో ఆడదామని ఒక ఆట తయారుచేస్తే నేను గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేసేవాడిని అన్నమాట. తర్వాత పెన్సిల్ పట్టుకుని చదవడం మొదలెట్టాక ఆ పుస్తకాలే వేరేగా కనిపించాయి. ఇప్పుడు నా స్కోరు పదికి మూడు. నవ్వకండి, సరిగ్గా రాసిన మిస్టరీలో పదికి మూడు అంటే ఫస్ట్ క్లాసే.

సరే, వరసగా చెప్తా.

ముందు చెయ్యాల్సింది, మీ చేతిలో ఉన్నది ఏ రకం పుస్తకమో తెలుసుకోవడం. అట్ట మీద మిస్టరీ అని ఉన్నంత మాత్రాన అన్నిట్లోనూ దొంగని పట్టుకునే ఆట ఉండదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, పజిల్ కావాలనుకుని సైకలాజికల్ థ్రిల్లర్ తెచ్చుకుంటారు, క్లూలు వెతుకుతారు, దొరకవు, ఈ రచయిత మోసం చేశాడు అని తిట్టుకుంటారు.

అచ్చమైన పజిల్ కావాలంటే 1920, 30ల్లో వచ్చిన నవలలు పట్టుకోండి, గోల్డెన్ ఏజ్ అంటారు కదా, అవి. అగాథా క్రిస్టీ, డోరతీ సేయర్స్, మూసిన గదిలో హత్యలకి పెట్టింది పేరైన జాన్ డిక్సన్ కార్, వీళ్ళంతా ఆ బ్యాచ్. ఆ పద్ధతిని తర్వాత జపాన్ వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు, దాన్ని హోన్కాకు అంటారు. సెయిషి యోకోమిజో 1946లో రాసిన హోంజిన్ మర్డర్స్, సోజీ షిమాదా 1981లో రాసిన టోక్యో జోడియాక్ మర్డర్స్, యుకితో అయత్సుజి 1987లో రాసిన డెకగాన్ హౌస్ మర్డర్స్, ఇవన్నీ ఇంగ్లీష్ అనువాదాలు వచ్చాక కొత్త పాఠకులకి తెగ నచ్చేస్తున్నాయి. డెకగాన్ హౌస్ లో ఒక కాలేజీ మిస్టరీ క్లబ్ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఎల్లరీ, అగాథా, కార్ అని పాత రచయితల పేర్లతో పిలుచుకుంటూ ఒక ద్వీపానికి వెళ్తారు, ఇంక అంతకంటే చెప్పను.

రెండో రకం హార్డ్ బాయిల్డ్, అంటే రోడ్ల మీద తిరిగే కరకు డిటెక్టివ్ల కథలు. డాషియల్ హామెట్, రేమండ్ చాండ్లర్ బాపతు. హామెట్ రచయిత కాకముందు పింకర్టన్ ఏజెన్సీలో నిజం డిటెక్టివ్ గా పని చేసినవాడు కాబట్టి ఆ రోడ్డు మీది దుమ్ము రాతలో తెలుస్తుంది. వీటిలో కాగితం మీద పేర్లు రాసుకుని కూర్చోవడం దండగ. చాండ్లర్ 1939లో రాసిన బిగ్ స్లీప్ ని సినిమాగా తీస్తున్నప్పుడు ఇంతకీ ఆ కారు డ్రైవర్ ని చంపింది ఎవరండీ అని ఆయన్నే అడిగితే, నాకూ తెలీదు అన్నాట్ట. రాసినాయనకే తెలియనప్పుడు మనం పెన్సిల్ నమలడం ఎందుకు, ఆ మాటల విసురు కోసం, ఆ వాతావరణం కోసం చదువుకోవాలి అంతే.

మూడోది ఇందాక అన్న సైకలాజికల్ థ్రిల్లర్, ఈ పది పదిహేనేళ్ళుగా అందరి చేతుల్లో కనిపించేది. గాన్ గర్ల్ 2012, గర్ల్ ఆన్ ద ట్రెయిన్ 2015, సైలెంట్ పేషెంట్ 2019. ఇక్కడ ప్రశ్న చంపిందెవరు అని కాదు, నాకు ఈ కథ చెప్తున్న మనిషి నిజం చెప్తోందా అని. కాబట్టి పాత్రల మీద కాకుండా కథ చెప్పే గొంతు మీద నిఘా పెట్టాలి. ఆ గొంతు ఎక్కడ ఆగింది, ఏ రోజు గురించి చెప్పకుండా దాటేసింది, అది రాసుకోండి చాలు.

ఇంకోటి తలకిందుల రకం ఉంది. హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తారు, ఎలా దొరుకుతాడన్నదే కథ. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఆయన 1912లోనే ద సింగింగ్ బోన్ అని ఈ పద్ధతిలో ఒక కథల పుస్తకం వేశాడు. ఇప్పుడు దీన్ని రుచి చూడాలంటే కీగో హిగాషినో 2005లో రాసిన డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్. ఎవరు చేశారో తెలుసు, ఎందుకో తెలుసు, ఇంక ఆడటానికి ఏముందిలే అనుకుంటాం, అక్కడే ఆయన మనల్ని కూర్చోబెడతాడు.

మొదటిసారి ఆడబోయేవాళ్ళకి నా మాట: క్రిస్టీ 1939 నవల అండ్ దెన్ దేర్ వర్ నన్ తో మాత్రం మొదలెట్టకండి. పుస్తకం అద్భుతం, పదిమంది, ఒక ద్వీపం, పడవ రాదు. కానీ అందులో పేజీలు ఎంత వేగంగా తిరుగుతాయంటే పెన్సిల్ ఎక్కడ పడేశామో కూడా చూస్కోం. దాన్ని ఊరికే చదివేయండి. ఆడటానికి మాత్రం నిదానంగా నడిచే ఒక ఇల్లు, ఎనిమిది మంది జనం, ఒక వీలునామా ఉన్న కథ ఏదైనా ఎంచుకోండి. కొత్తవాటిలో అయితే ఆంథొనీ హోరోవిట్జ్ 2016లో రాసిన మాగ్పై మర్డర్స్ బావుంటుంది. నవల లోపల ఇంకో నవల, ఆ లోపలి నవలకి చివరి భాగమే కనిపించదు, అంటే ఒక టికెట్ మీద రెండు ఆటలు. కాగితాలు తిరగేయడం ఇష్టమైతే జానిస్ హాలెట్ 2021 నవల ది అపీల్, మొత్తం ఈమెయిళ్ళు, మెసేజీలే, కేసు ఫైలు మన చేతిలో పెట్టి ఏం తేలుస్తావో తేల్చు అన్నట్టు ఉంటుంది. ఇదేదో కొత్త ఐడియా అనుకోకండి, విల్కీ కాలిన్స్ 1868లోనే మూన్ స్టోన్ లో ఒక వజ్రం దొంగతనాన్ని చాలామంది చేత, ఎవరికి తెలిసింది వాళ్ళ చేత చెప్పించాడు. సీరియస్ గా వద్దు సరదాగా కావాలంటే రిచర్డ్ ఆస్మన్ 2020లో మొదలెట్టిన థర్స్ డే మర్డర్ క్లబ్, రిటైరైన నలుగురు పెద్దవాళ్ళు వారం వారం కూర్చుని పాత కేసులు తవ్వుతుంటే నిజం హత్య ఒకటి ఎదురవుతుంది. అందులో దొంగ దొరికినా దొరక్కపోయినా ఆ నలుగురి కోసం చదువుతాం.

పుస్తకం చేతికొచ్చిందా, ఇప్పుడు కాపాడుకోవాలి. స్పాయిలర్ల నుంచి. చంపిందెవరో ఎవరూ మొహాన చెప్పరు లెండి, చివర్లో ట్విస్టు మామూలుగా ఉండదు అంటారు చూడండి, అదే అసలు స్పాయిలర్. ట్విస్టు ఉందని తెలిశాక ప్రతి పేజీలోనూ దానికోసం కాచుకుని కూర్చుంటాం, రచయిత మామూలుగా ఒక తలుపు తీసినా ఆహా అంటాం. కాబట్టి రివ్యూలు తర్వాత. వెనక అట్ట మీద మొదటి రెండు లైన్లు చాలు. సిరీస్ అయితే ఆర్డర్ చూస్కోండి. క్రిస్టీ డిటెక్టివ్ పోయ్‌రో ఉన్న నవలలు చాలావరకు ఎలా చదివినా నడుస్తుంది కానీ కర్టెన్ మాత్రం ఆఖర్న చదవాలి, క్రిస్టీ దాన్ని రెండో ప్రపంచ యుద్ధం టైంలోనే రాసి దాచిపెట్టి 1975లో బయటికి తెచ్చింది, కావాలనే ఆఖరి కేసుగా. లూయీ పెన్నీ రాసే, గమాష్ అనే పోలీసాయన నవలలైతే 2005 నాటి స్టిల్ లైఫ్ నుంచి వరసగా చదవడం మేలు, కేసుతో పాటు మనుషుల కథ కూడా నడుస్తూ పోతుంది.

ఆడియోబుక్ లో ఆడటం కష్టం, ముందే చెప్తున్నా. వెనక్కి తిప్పి ఆ వాక్యం ఎక్కడుందో వెతకలేం. పైగా చదివేవాడు మంచి నటుడైతే హంతకుడి గొంతులోనే ఏదో తేడా పెట్టేస్తాడు.

ఇప్పుడు కాగితం. పెద్ద నోట్ బుక్కులు, రంగు రంగుల స్టిక్కర్లు ఏం అక్కర్లేదు. పుస్తకంలో పట్టే ఒక కాగితం మడిచి పెట్టుకోండి, బుక్ మార్క్ కూడా అదే అవుతుంది. దాని మీద మూడు గడులు గీయండి. ఎవరు. ఆ టైంలో ఎక్కడున్నారట. ఆ మాట మనకి చెప్పిందెవరు.

ఈ మూడో గడి చాలామంది రాయరు, ఆటంతా దాన్లోనే ఉంది. తమ్ముడు ఆ రాత్రి లైబ్రరీ గదిలో ఉన్నాడు అని మనకి గుర్తుంటుంది. ఎవరు చెప్పారు? వదిన చెప్పింది. నేను తనతోనే ఉన్నాను అంది. అంటే ఆవిడ మరిదికి సాక్ష్యం చెప్పినట్టే చెప్పి, తనకి కూడా సాక్ష్యం సంపాదించుకుంది కదా. ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటామే, రచయితలు దాన్ని ఇలా మర్యాదగా చూపిస్తారు. మూడో గడిలో ఒకే పేరు రెండు మూడుసార్లు వచ్చిందనుకోండి, ఆ పేరు కింద గీత గీయండి.

టైం విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకుంటే సగం పాత నవలలు మీ చేతిలో ఉన్నట్టే. చప్పుడు విన్న టైం, చనిపోయిన టైం ఒకటే అని ఎవరన్నారు? పదింటికి తుపాకీ పేలింది, అందరూ విన్నారు, అందరూ ఒక్కచోటే ఉన్నారు. బావుంది. కానీ ఆ పేలుడే ఆ మనిషిని చంపింది అనేది మనం ఊహించుకున్నది, ఎవరూ చూసింది కాదు. అలాగే చివరిసారి ప్రాణాలతో చూశాం అన్నప్పుడు చూశారా, లేక తలుపు అవతల నుంచి గొంతు విన్నారా, లేక దూరం నుంచి ఆయన కోటు చూశారా, మళ్ళీ ఆ పేజీకి వెళ్ళి చదవండి. డాక్టర్ చెప్పే టైం కూడా రాయి మీద చెక్కింది కాదు. శవం బిగుసుకోవడం మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలై పన్నెండు గంటలు అయ్యేసరికి ఒళ్ళంతా పాకుతుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మెల్లగా సడలుతుంది, వేడిలో ఇదంతా తొందరగా, చలిలో ఆలస్యంగా జరుగుతుంది. అందుకే శవం ఉన్న గదిలో కిటికీ తీసి ఉంది అనో, నిప్పు ఇంకా మండుతూనే ఉంది అనో రచయిత ఒక ముక్క అన్నాడంటే అది గాలి కోసం కాదు.

ఇక క్లూలు పట్టడం. దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నాకు ఆటలో ఇష్టమైన భాగం ఇదే.

క్లూ ఎప్పుడూ ఒక్క చోట నిండుగా దొరకదు. రెండు ముక్కలు చేసి, ఒక ముక్క ఇరవయ్యో పేజీలో, ఇంకోటి తొంభయ్యో పేజీలో పెడతారు. ఏ ముక్కకా ముక్క చూస్తే మామూలు మాటే. నేనే ఒకటి తయారుచేసి చూపిస్తా, ఏ పుస్తకంలోదీ కాదు. ఇరవయ్యో పేజీలో భోజనాల దగ్గర ముసలాయన కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయి, ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా అనుకుని పంచదార వేసుకుంటాడు, అందరూ నవ్వుతారు, మనవరాలు పరిగెత్తి కళ్ళజోడు తెచ్చిస్తుంది. మనమూ నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. తొంభయ్యో పేజీలో ఆయన చచ్చిపోయి ఉన్నాడు. రచయిత గది చూపిస్తాడు: "బల్ల మీద మూత తీసిన ఇంకు సీసా, సగం తాగిన నీళ్ళ గ్లాసు, కళ్ళజోడు, పగిలిన ఫోటో ఫ్రేము. వాలుకుర్చీలో ముసలాయన, ఒళ్ళో తెరిచిన పుస్తకం. సరిగ్గా అప్పుడే మేడ మీద నుంచి కేక వినపడింది."

ఇప్పుడు మళ్ళీ చూడండి. కళ్ళజోడు బల్ల మీదుంది. పుస్తకం ఒళ్ళో ఉంది. ఉప్పుకి పంచదారకి తేడా కనపడని మనిషి కళ్ళజోడు లేకుండా ఏం చదువుతున్నాడు? ఏం చదవట్లేదు, ఎవరో చచ్చిపోయాక ఆ పుస్తకం ఒళ్ళో పెట్టారు. పెట్టినవాడికి ఆయన చూపు సంగతి తెలీదు. అంటే ఇరవయ్యో పేజీలో ఆ భోజనాల దగ్గర లేనివాడు. లేనివాడెవడో మీ కాగితంలో ఉంది కదా.

ఇందులో రచయిత చేసిన పనులు లెక్కపెట్టండి. మొదటి ముక్కని నవ్వులో పెట్టాడు, నవ్వేటప్పుడు ఎవరూ అనుమానించరు. రెండో ముక్కని ఒక జాబితా మధ్యలో పెట్టాడు, మొదట్లో కాదు, చివర్లో కాదు, మధ్యలో. పక్కనే పగిలిన ఫ్రేము లాంటి మెరిసే వస్తువు ఒకటి పెట్టాడు, కళ్ళు దాని మీదకి పోతాయి. ఆ వెంటనే మేడ మీద కేక వేయించాడు, ఇంక మనం జాబితా వదిలేసి మెట్లెక్కి పరిగెడతాం. కేక వినపడ్డప్పుడల్లా ఆగి, దానికి ముందున్న రెండు వాక్యాలు మళ్ళీ చదవండి. ఈ ఒక్క అలవాటుతో నా స్కోరు ఒకటి నుంచి మూడుకి వచ్చింది.

ఇంకో రకం క్లూ కనపడేది కాదు, కనపడాల్సి ఉండి కనపడనిది. షెర్లాక్ హోమ్స్ కథ సిల్వర్ బ్లేజ్ లో ఆ రాత్రి కుక్క మొరగలేదు, అదే క్లూ. 1892 నాటి కథ కాబట్టి స్పాయిలర్ అని నన్ను తిట్టొద్దు, గడువు తీరిపోయింది. ఈ కన్నుతో చూడటం అలవాటైతే ఏడవాల్సిన మనిషి ఏడవలేదని, అడగాల్సిన ప్రశ్న అడగలేదని తెలుస్తుంది. నాన్నగారు పోయారమ్మా అంటే ఎలా అని అడక్కుండా ఎప్పుడు తెలిసింది మీకు అని అడిగే కొడుకు ఒకడుంటాడు చూడండి, వాడి పేరు రాసుకోండి.

అలాగే కళ్ళ ముందున్నా లెక్కలోకి రాని మనుషులు. ఎవరైనా వచ్చారా అంటే ఎవరూ రాలేదండీ అంటారు, ఆ ఎవరూలో పనివాళ్ళు, నర్సు, రిపేరుకి వచ్చినతను వీళ్ళెవరూ ఉండరు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. చెస్టర్టన్ ఫాదర్ బ్రౌన్ కథల మొదటి సంపుటం, 1911ది, అందులో ఒక కథ అంతా దీని మీదే నడిపాడు, ఏ కథో చదివి మీరే కనుక్కోండి.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. ఒకసారి సెకండ్ హ్యాండ్ కాపీ ఒకటి దొరికింది, పాత నవల, మొదట్లో పాత్రల జాబితా ఉంది, ఆ జాబితాలో డాక్టర్ పేరు పక్కన ఎవరో సన్నగా పెన్సిల్ తో టిక్కు పెట్టి ఉంచారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్న పుస్తకం కదా అని చదవడం మొదలెట్టా. ఇంక చూస్కోండి, డాక్టర్ చేతులు కడుక్కుంటే నాకు రక్తం కనిపించింది, నవ్వితే కపటం కనిపించింది, పాపం పోయినావిడ నాడి పట్టుకుంటే ఆహా ఏం నటన అనుకున్నా. మూడొందల పేజీలు ఆయన్ని కేసులో బిగించేశాను, ఒక్క వాక్యం కూడా నాకు అడ్డం రాలేదు. తీరా చూస్తే డాక్టర్ కి ఏ సంబంధమూ లేదు. ఆ పెన్సిల్ పెట్టినతను కూడా నాలాగే ఎక్కడో మధ్యలో ఊహించి టిక్కు కొట్టాడు, తప్పు కొట్టాడు, చెరపడం మర్చిపోయాడు.

అప్పట్నుంచి నా కాగితం మీద ఒక రూలు: సగం పుస్తకం అయ్యేదాకా ఎవరి పేరు మీదా గట్టిగా గీత గీయకూడదు. అనుమానం వస్తే పక్కన చుక్క పెట్టండి. ఒకే మనిషికి చుక్కల మీద చుక్కలు పడుతున్నాయంటే మీరు తెలివైనవాళ్ళయి కాదు, రచయిత మిమ్మల్ని చెయ్యిపట్టుకుని అటు తీసుకెళ్తున్నాడు.

సగం దాటాక రూల్స్ తో ఏరివేత మొదలెట్టండి. అవును, ఈ ఆటకి నిజంగా రూల్స్ ఉన్నాయి. రొనాల్డ్ నాక్స్ అని ఒక క్యాథలిక్ ఫాదరీ, స్వయంగా డిటెక్టివ్ నవలలు రాసినవాడు, 1929లో పది ఆజ్ఞలు అచ్చేశాడు. నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించాలి. దయ్యాలు భూతాలు పనికిరావు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు. ఎవరికీ తెలియని విషం వాడకూడదు. డిటెక్టివ్ చూసిన క్లూ పాఠకుడికీ చూపించాలి. కవల పిల్లలుంటే ముందే హింట్ ఇవ్వాలి. డిటెక్టివ్ పక్కనుండే స్నేహితుడి తెలివి మామూలు పాఠకుడి తెలివి కన్నా కొంచెం, చాలా కొంచెం తక్కువుండాలట, ఈ రూలు నాకు భలే ఇష్టం. మరుసటేడు 1930లో లండన్ లో డిటెక్షన్ క్లబ్ పెట్టి కొత్త మెంబర్ల చేత పాఠకుణ్ణి మోసం చెయ్యం అని సరదాగా ప్రమాణం కూడా చేయించేవాళ్ళు. ఈ రూల్స్ అన్నీ అందరూ పాటించారని కాదు. క్రిస్టీ 1926లో ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్ రాసినప్పుడు ఇది ఆటా అన్యాయమా అని జనం రెండు పార్టీలయ్యారు, ఇప్పటికీ వాదన తెగలేదు. నేను ఆట అనే పార్టీ. చదివాక మీరు ఏ పార్టీయో తేల్చుకోండి.

మనకెందుకు ఈ రూల్స్ అంటే, కాగితం మీద కొట్టేయడానికి పనికొస్తాయి. మొదటి పాతిక శాతంలో కనిపించని మనిషిని కొట్టేయండి. ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన అపరిచితుడు అని అందరూ భయపడే మనిషిని కొట్టేయండి, వాడు ఎరే. విషం అయితే మందుల పుస్తకాల్లో నిజంగా ఉన్న విషమే అయ్యుంటుందని నమ్మండి, క్రిస్టీ విషయంలో అయితే ఇంకా గట్టిగా, ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధంలో హాస్పిటల్ మందుల గదిలో పనిచేసింది, 1920లో వచ్చిన మొదటి నవలలోని విషం సంగతి సరిగ్గా రాశారని మందుల వాళ్ళ పత్రికే మెచ్చుకుంది. ఈ మధ్య నవలల్లో బెంజమిన్ స్టీవెన్సన్ 2022 పుస్తకం ఒకటుంది, ఎవ్రీవన్ ఇన్ మై ఫ్యామిలీ హాజ్ కిల్డ్ సమ్‌వన్ అని, అందులో కథ చెప్పేవాడు నాక్స్ రూల్స్ ముందే పెట్టి, చావులు ఏ పేజీల్లో ఉన్నాయో కూడా మొదట్లోనే చెప్పేసి మరీ ఆడతాడు. రూల్స్ అలవాటు చేస్కోడానికి అంత మంచి పుస్తకం నాకు ఇంకోటి దొరకలేదు.

ఎవరిని కొట్టేయకూడదో కూడా చెప్పాలి. బలమైన కారణం ఉన్నవాణ్ణి పక్కన పెట్టొచ్చు, బలమైన అలిబై, అంటే ఆ టైంలో నేను వేరేచోట ఉన్నాననే సాక్ష్యం, ఉన్నవాణ్ణి మాత్రం పెట్టకూడదు. నిజంగా అమాయకుడికి అలిబై ఉండదండీ. పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదీ నలభైకి మీరెక్కడున్నారు అంటే మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. నిమిషాలతో సహా చెప్పినవాడు ఆ నిమిషాలు తయారుచేసుకున్నవాడు.

తర్వాత అన్నిటికన్నా కష్టమైన పని. ఆగడం.

ఎల్లరీ క్వీన్ అనే పేరుతో ఇద్దరు కజిన్లు కలిసి రాసిన నవలల్లో, 1929లో వచ్చిన మొదటి నవల నుంచే, చివరికి ముందు ఒక పేజీ వచ్చేది: పాఠకుడికి సవాలు. క్లూలన్నీ నీ దగ్గరున్నాయి, ఇంక నువ్వే చెప్పు అని. షిమాదా కూడా టోక్యో జోడియాక్ లో అదే చేశాడు. అన్ని పుస్తకాల్లోనూ ఈ పేజీ ఉండదు కానీ ఉన్నట్టే ఉంటుంది, పట్టుకోవడం నేర్చుకోవాలి. డిటెక్టివ్ కిటికీ దగ్గర నిలబడి ఎంత మూర్ఖుణ్ణి నేను అని నుదురు కొట్టుకుంటాడు చూడండి, అదే. అప్పటిదాకా పనికిమాలినదనుకున్న విషయం ఒకటి ఎవరో యథాలాపంగా అంటారు, ఆయన మొహం మారిపోతుంది, ఎవరికో ఫోన్ చేస్తాడు, ఏం మాట్లాడాడో మనకి చెప్పరు. అక్కడ ఆగిపోండి. ఈబుక్ అయితే అటూ ఇటుగా ఎనభై ఎనభై అయిదు శాతం దగ్గర ఉంటుంది.

పుస్తకం మూసి వేరే గదిలో పెట్టండి. నేను నిజంగానే వేరే గదిలో పెడతా, పక్కనుంటే చెయ్యి ఆగదు. కాగితం తిప్పి వెనకవైపు నాలుగు రాయండి: ఎవరు, ఎందుకు, ఎలా, ఇంకా నా లెక్కకి కుదరని విషయం ఏంటి. ఈ నాలుగోది నిజాయితీగా రాయాలి. మీ అనుమానం బ్రహ్మాండంగా కుదిరింది, కానీ తోటలో ఆ తడి చెప్పులు ఎందుకున్నాయో అంతుపట్టలేదు అనుకోండి, ఆ తడి చెప్పులే తీగ, లాగితే డొంకంతా కదులుతుంది. ఒక రాత్రి నిద్రపోయి చూడండి, పొద్దున పళ్ళు తోముకుంటుంటే తడుతుంది ఒక్కోసారి. నాకు ఆ మూడింట్లో రెండు అలా తట్టినవే.

రాయడం ఎందుకు, మనసులో అనుకుంటే చాలదా అంటారేమో. చాలదు. దొంగ దొరికాక ప్రతి ఒక్కడూ నేను ముందే అనుకున్నా అంటాడు, ఎందుకంటే ఎనిమిది మందినీ ఏదో ఒక పేజీలో అనుమానించే ఉంటాం కదా. కాగితం మీద ఉన్న ఒక్క పేరే లెక్క. పేరు కరెక్టు, కారణం తప్పు అయితే నేను సగం మార్కు వేసుకుంటా. ఎలా చేశాడో కూడా చెప్పగలిగితేనే ఫుల్ మార్కు.

ఇక చివరి పేజీలు చదివేయండి, ఆపకుండా, ఒక్క బిగిన.

ఓడిపోయారా, మంచిది, ఇప్పుడు చెయ్యాల్సిన పని ఇంకోటుంది, ఇది ఎవరూ చేయరు. మొదటి చాప్టర్ మళ్ళీ చదవండి, అరగంట పట్టదు. హంతకుడు మొదటిసారి లోపలికి వచ్చిన సీను చూడండి, వాడు అన్న మొదటి మాట చూడండి. మంచి పుస్తకం అయితే ఆ మాటకి రెండు అర్థాలుంటాయి, మొదటిసారి ఒకటే వినపడి ఉంటుంది. నాకైతే ఓడినప్పుడు ఈ అరగంటే ఎక్కువ మజా. మాట రెండు రకాలుగా పనిచేయకపోతే, చివర్లో చెప్పిన క్లూ వెనక్కి తిప్పితే ఎక్కడా కనపడకపోతే, మీరు ఓడలేదు, ఆయన దొంగాట ఆడాడు, ఆ రచయిత ఇంకో పుస్తకం తీసుకునేటప్పుడు ఆలోచించుకోండి.

కాగితాలు పారేయకండి. తేదీ, పుస్తకం పేరు వేసి ఒక కవర్లో పెట్టుకోండి. పదిహేను ఇరవై అయ్యాక తీసి చూస్తే మీరు ఎక్కడ పడిపోతారో మీకే తెలిసిపోతుంది. నేను మర్యాదగా మాట్లాడే వయసు మళ్ళిన ఆడవాళ్ళని ఎప్పుడూ అనుమానించనని నాకు అలాగే తెలిసింది, నాలుగు పుస్తకాల్లో వాళ్ళే కొట్టారు దెబ్బ.

పుస్తకం ఫ్రెండ్స్ కి ఇచ్చేటప్పుడు మాత్రం లోపల కాగితం మర్చిపోకుండా తీసేయండి. నేను ఆ డాక్టర్ పుస్తకాన్ని మొన్నే ఒకడికి ఇచ్చాను. నా కాగితం తీసేశా. ఆ టిక్కు మాత్రం చెరపలేదు.